బయట గొళ్ళెం పెట్టిన తలుపు

బుల్లయ్య కోతలు మొదలుపెట్టాడంటే హయాత్ టీ కొట్టు ముందు ఆగిన మనిషి ఇంక కదలడు. అద్దంకి బస్టాండుకి ఎదురుగా, ఎరువుల దుకాణం పక్కనే ఆ కొట్టు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఉన్న రెండు బల్లలూ నిండిపోతాయి. బుల్లయ్యది తలుపుల పని. పాత ఇళ్ళల్లో గది తలుపుల మీద ఏళ్ళ తరబడి పేరుకుపోయిన రంగుని ఊడదీసి, చెక్క బయటపెట్టి, దానికి కొత్తగా పాలిష్ పట్టిస్తాడు. చెయ్యి మంచిదని ఊరంతా ఒప్పుకుంటుంది. నోటి గురించి మాత్రం ఎవరూ పూచీ పడరు. ఒక తలుపు గీకి వచ్చాడంటే పది తలుపుల కథ చెబుతాడు.

అలాంటివాడు పదకొండు రోజుల నుంచి ఒక్క తలుపు కథే చెబుతున్నాడు. అదీ రోజుకింత పెరుగుతోంది. కథ పెరుగుతున్నకొద్దీ మనిషి తగ్గిపోతున్నాడు. పనికి పోవడం లేదు. పొద్దున్నే వచ్చి అందరికంటే ముందు పేపరు అందుకుంటాడు, జిల్లా పేజీ పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదువుతాడు, ఒక పెద్ద ఊపిరి వదిలి మడిచి పెట్టేస్తాడు. దేనికోసం చూస్తున్నాడో హయాత్‌కి అర్థం కాలేదు. బుల్లయ్య ఎవరికీ చెప్పలేదు.

"ఏరా బుల్లయ్యా, ఇవాళ దెయ్యం ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు వెంకయ్య. ఆయన పత్తి రైతు, బుల్లయ్య ఈడువాడే, ఇద్దరూ కలిసి బడి ఎగ్గొట్టినవాళ్ళు.

"నవ్వు నవ్వు. నువ్వు ఆ తలుపు ముందు నిలబడి ఉంటే ఈపాటికి నీ ఫోటోకి దండ వేసేవాళ్ళం," అన్నాడు బుల్లయ్య. టీ గ్లాసు అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని ఊదాడు. "అసలు మొదట నేను చేసింది ఘనకార్యమేం కాదులే. పర్చూరు అవతల ఒక ఊరు. పేరు చెప్పను. ఒంటి రెక్క తలుపు, ఆరడుగులు, పాత టేకు. పైన ఆకుపచ్చ రంగు. మామూలు మేస్త్రీకి నాలుగు రోజుల పని, నాకు ఒక పూట."

"నిన్న రెండు రోజులన్నావు బాబాయ్," అన్నాడు ప్రేమ్‌చంద్. బస్టాండు లోపల ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే కుర్రాడు. వాడికి ప్రతిదీ విప్పి చూడందే నమ్మకం కుదరదు.

"నిన్న నువ్వు సగంలో వచ్చావు. విను. వేడిగాలి కొట్టే హీట్ గన్ అందుకున్నాను. దాన్ని ఊరికే చేత్తో పట్టుకుంటే చాలదు, రంగు కాలకూడదు, చెక్క మాడకూడదు, మధ్యలో బుడగ లేచే క్షణం ఒకటుంటుంది, ఆ క్షణాన గీకే రేకు పట్టీ పెట్టి తోశామంటే రంగు చుట్టలు చుట్టుకుంటూ వచ్చేస్తుంది. నేను తోశాను. ఆకుపచ్చ ఊడింది. దాని కింద నీలం. నీలం కింద చాక్లెట్ రంగు. దాని కింద పసుప్పచ్చ. సరే, పాత ఇల్లు కదా, పెళ్ళికొక రంగూ పేరంటానికొక రంగూ వేసి ఉంటార్లే అనుకున్నా. ఏడయ్యాయి. తొమ్మిదయ్యాయి. పదహారో రంగు దగ్గర లెక్క వదిలేశాను."

"పదహారు పొరలుంటే తలుపు గుమ్మంలో పడుతుందా?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"అదే కదా నేను చెప్పేది! అది మామూలు తలుపైతే కదా పట్టకపోవడానికి. చివరి పొర ఎట్టా వచ్చిందనుకున్నావు, పంచె మడత విప్పినట్టు, ఎక్కడా చిన్న తునక తెగకుండా, పైనుంచి కిందిదాకా ఒకే ముక్క. మండువాలో పరిచి మూర వేసి కొలిచాను. పద్దెనిమిది మూరలు. ఆరడుగుల తలుపు మీద నుంచి పద్దెనిమిది మూరల రంగు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

బల్లల మీదివాళ్ళు ముందుకి వంగారు. ఎరువుల దుకాణం ముందు బస్తాలు దించుతున్న మనిషి కూడా భుజం మీద బస్తాతో అలాగే ఆగాడు. బుల్లయ్యకి ప్రాణం కాస్త కుదుటపడింది. నలుగురు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే కథలోని బుల్లయ్య నిలబడి ఉంటాడు. వాళ్ళు చూపు తిప్పుకున్నారంటే అసలు బుల్లయ్య ఒక్కడే మిగిలిపోతాడు.

"టేకు చెక్కలో కళ్ళుంటాయి, ఎప్పుడైనా చూశారా? చెట్టుకి కొమ్మ మొలిచిన చోట గుండ్రంగా నల్లగా ఉంటుంది. దాన్నే మేం కన్ను అంటాం. ఈ తలుపుకి రెండున్నాయి, సరిగ్గా మనిషి మొహం ఎత్తులో. నేను అటు జరిగితే అటు చూస్తున్నాయి. ఇటు జరిగితే ఇటు. ఉప్పుకాగితం పెట్టి రుద్దుదామని చెయ్యి చాపితే ఆ రెండు కళ్ళల్లోంచీ నీళ్ళు. వట్టి నీళ్ళు కాదు, ధారలు. గడప నిండి వంటింట్లోకి పారుతున్నాయి."

"వేడికి చెక్కలోంచి జిగురు కారి ఉంటుంది," అన్నాడు ప్రేమ్‌చంద్.

"ముప్పై రెండేళ్ళుగా తలుపులు చేస్తున్నాను. జిగురుకీ ఏడుపుకీ తేడా నువ్వు చెబుతావా నాకు?"

"ఇద్దరూ ఆగండి," అన్నాడు వెంకయ్య. ఇందాకటి వెటకారం కొంచెం తగ్గింది. "నువ్వు చెప్పరా."

"అప్పుడు మొదలైంది ఊపిరి. తలుపు ఊపిరి పీలుస్తోంది. రెక్క ముందుకి ఉబుకుతుంది, మళ్ళీ వెనక్కి పోతుంది. అది వదిలిన గాలి నా మొహానికి కొట్టేసరికి కళ్ళు మండిపోయాయి, ముక్కు మండింది, గొంతులో ఎవరో చెయ్యి పెట్టి పిసికినట్టైంది. దగ్గు. మామూలు దగ్గు కాదు. నేను దగ్గితే పెరట్లో కట్టేసిన గేదె పలుపు తెంచుకుని పోయింది. పక్కింటి పెంకులు జారిపడ్డాయి. వీధి చివర రామచంద్రమూర్తి పంతులుగారి ఇంట్లో వ్రతం జరుగుతుంటే దీపం కొండెక్కింది."

"మిరపకాయ ఘాటు కాదుగదా బాబాయ్? ఆ పక్క ఇళ్ళన్నిటా కాయలే కదా."

బుల్లయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఈ ప్రశ్న ఇన్ని రోజుల్లో ఎవరూ అడగలేదు.

"ఒరే అబ్బాయ్, గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో పుట్టాను నేను. మా అమ్మ తొడిమలు తీస్తూ తీస్తూ నన్ను కన్నది. నాకు మిరపకాయ ఘాటు తెలియదా? అదయితే తుమ్మి ఊరుకునేవాణ్ణి. ఇది వేరు." గొంతు పెంచాడు. "ఇది వేరని నేను చెబుతున్నానా లేదా?"

"సరే బాబాయ్, వేరే," అన్నాడు ప్రేమ్‌చంద్.

చొక్కా జేబులో ఫోను మోగింది. బుల్లయ్య తీసి చూశాడు. 'పర్చూరు తలుపు' అని ఉంది తెర మీద. పని ఒప్పుకున్న రోజున తనే అలా రాసుకున్నాడు. పదకొండు రోజుల్లో ఆ నంబరు నుంచి ఇది ఆరోసారి. అయిదుసార్లూ మోగి మోగి ఆగేదాకా చూస్తూ ఉండిపోయాడు. ఎత్తితే అవతలి మనిషి ఒక మాట చెబుతాడు. ఆ మాట ఏమిటోనని అతనికి రాత్రిళ్ళు నిద్రలేదు. ఆ మాట చెవిన పడనంతవరకు అది జరగనట్టే అని తనకి తాను చెప్పుకుంటున్నాడు. ఆరోసారి నొక్కి ఆపేశాడు.

"దెయ్యమా ఫోనులో?" అన్నాడు వెంకయ్య.

"కస్టమర్లు. వదిలిపెట్టరు నన్ను." జేబులో పెట్టుకుని, పైన చెయ్యి అదిమి ఉంచాడు. "ఎక్కడున్నాం? ఆఁ, దగ్గు. దగ్గుతూ ఉండగానే తలుపు లోపలి నుంచి మోత. డబ్. డబ్. డబ్."

ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ బుల్లయ్య నోరు ఎండిపోతుంది. ఎందుకంటే కథ మొత్తంలో అతను కల్పించనిది ఇదొక్కటే.

నిజంగా జరిగింది వేరు. రంగులు మూడే. ఆ ఇంట్లోవాళ్ళు మిరపకాయలు కోయించడానికి చేనుకి పోయారు. ముసలావిడ ఒక్కతే ఇంట్లో ఉంది, మధ్యాహ్నం అతనికి చెంబునిండా మజ్జిగ ఇచ్చింది. అన్నం తిన్నాక వంటింటి తలుపు గీకుతానని అతనే ఆమెతో చెప్పాడు. తీరా చూస్తే వంటింటి దగ్గర ప్లగ్గు లేదు. వైరు అందేది కొట్టుగది తలుపుకే. చెప్పిన తలుపు వదిలేసి చెప్పని తలుపుకి మారాడు. అది దగ్గరగా వేసి ఉంది. పట్టీ ఆనించి తోస్తుంటే రెక్క ఊగుతుందని, ఎప్పుడూ చేసే అలవాటు చొప్పున బయట గొళ్ళెం పెట్టాడు. ముప్పై రెండేళ్ళుగా ఏ ఇంట్లో పని చేసినా అంతే, రెక్క కదలకుండా గొళ్ళెం పెట్టడం, పని మొదలుపెట్టడం. లోపల ఎవరైనా ఉన్నారేమోనని ఒక్కసారి తోసి చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు.

పావుగంట తర్వాత ఘాటు లేచింది. ఆ తర్వాత లోపలి నుంచి మోత వచ్చింది. ఆ మోతతోపాటు ఒక గొంతు, మనిషిదో కాదో తెలియనంత గీరుకుపోయిన గొంతు, బుల్లయ్యా అని అతని పేరే పెట్టి పిలిచింది. అతను హీట్ గన్ కింద పడేశాడు. ఆపాడో లేదో గుర్తు లేదు. పెరటి గోడ దూకి పత్తిచేలకు అడ్డంపడి రోడ్డెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. బస్సులో కూర్చున్నాక ఊపిరి అంది, ఊపిరితోపాటు బుద్ధీ వచ్చింది. దెయ్యానికి నా పేరెందుకు తెలుస్తుంది అని అప్పుడు తోచింది. తోచినా బస్సు దిగలేదు. అందుకే అప్పటి నుంచి దాన్ని దెయ్యాన్ని చెయ్యడానికి నానా తంటాలు పడుతున్నాడు. దెయ్యమే అయితే బాగుండునని, ఏ దేవుడైనా సరే దాన్ని దెయ్యాన్ని చేసిపెట్టమని మొక్కుకుంటున్నాడు. ఇంటికి వెళ్ళి తన ఇంట్లో గొళ్ళేలన్నీ ఊడదీసి గూట్లో పడేశాడు. భార్య కనకలక్ష్మి అడిగితే తుప్పు పట్టాయన్నాడు.

"తర్వాత?" అన్నాడు హయాత్. పాలు పొంగుతుంటే మంట తగ్గించాడు గానీ చూపు మాత్రం బుల్లయ్య మీదే ఉంది.

"తర్వాత పిలిచింది. నా పేరు పెట్టి. బుల్లయ్యా, తలుపు తియ్యవయ్యా. మామూలుగా కాదు, రాయి మీద రేకు గీకినట్టు. మీలో ఎవడికైనా అయితే అక్కడే ప్రాణం పోయేది. నేను నిలబడ్డాను. నా కాళ్ళ కింద గచ్చు పగిలింది గానీ నేను కదల్లేదు. నిలబడి, ఎవత్తివే నువ్వు అని అడిగాను. జవాబుగా ఇల్లంతా ఊగింది. దూలాలు కిర్రుమన్నాయి. గోడకి ఉన్న గడియారం వెనక్కి తిరిగింది. తలుపు పక్కన చేరేసి ఉన్న చేతికర్ర దానంతటదే..."

ఆగిపోయాడు.

కర్ర సంగతి ఇప్పటిదాకా ఏ రోజూ చెప్పలేదు. చెప్పకూడదనుకున్నాడు. ఇవాళ నోరు జారింది.

"ఎవరిది చేతికర్ర?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"ఎవరిదో."

"మరి ఇంట్లో ఎవరూ లేరని మొన్న అన్నావు కదా బాబాయ్. దెయ్యానికి కర్ర ఎందుకు?"

"ఉంటుంది ఇళ్ళల్లో. సవాలక్ష ఉంటాయి. కర్రకీ కథకీ సంబంధం లేదు."

వెంకయ్య బుల్లయ్య మొహంలోకి చూశాడు. చిన్నప్పటి నుంచీ చూసిన మొహం. నుదుటి మీద చెమట పట్టింది. అంత ఎండేమీ లేదు. "ఒరేయ్, నీకు ఒంట్లో బాగాలేదా?" అని మెల్లగా అడిగాడు.

ఆ మెత్తదనానికే బుల్లయ్య ఎక్కువ భయపడ్డాడు. వీళ్ళు నమ్మడం మానేస్తే దెయ్యం చచ్చిపోతుంది. దెయ్యం చస్తే ఆ గదిలో ఉన్నది మనిషే అవుతుంది. అందుకని లేచి నిలబడ్డాడు. పంచె ఎగ్గట్టాడు. కథని ఇంక నేల మీద నడవనివ్వలేదు.

"బాగానే ఉన్నాను. మీరే బాగాలేరు, వినే దమ్ము లేదు మీకు. చివరిదాకా వినండి. నేను గొళ్ళెం మీద చెయ్యి వేశాను. ఇనుము కాలి ఎర్రగా ఉంది, అయినా వట్టి చేత్తో పట్టుకున్నాను. తీశాను. తలుపు బందులు తెంచుకుని నా మీదికి వచ్చింది. తలుపూ నేనూ ఒకళ్ళ నడుములొకళ్ళం పట్టుకుని పెరట్లోకి, పెరట్లోంచి చేలోకి, పర్చూరు వాగు దాటి, పొగాకు ఆరబెట్టే బేరన్ల మీదుగా ఇంకొల్లు దాకా కుస్తీ. బేరన్ ఒకటి కూలిపోయింది. దారిన పోయే లారీ డ్రైవరు నా కండ చూసి దణ్ణం పెట్టాడు. చివరికి తలుపుని పడేసి గుండెల మీద మోకాలు పెట్టి తొక్కితే లోపలిది బయటికి వచ్చింది. తాటిచెట్టంత ఆడమనిషి. జుట్టు విరబోసుకుని ఉంది. ఆ జుట్టు చేతికి మూడు చుట్లు చుట్టుకున్నాను. లాగాను. గుంటూరు దాకా లాగాను. గుంటూరులో ఆగి టీ తాగి తాడేపల్లి దాకా లాగాను. కృష్ణలో మూడు మునకలు ముంచాను. ఒడ్డున నిలబెట్టి, నున్నగా ఉప్పుకాగితం పట్టించి, లప్పం పెట్టి, దెయ్యానికి రెండు కోట్లు పాలిష్ వేసి ఎండలో ఆరబెట్టాను. అద్దంలాగా మెరిసింది. దాని మొహంలో నా మొహం కనపడింది. బుద్ధొచ్చిందా అంటే వచ్చింది అంది. ఇంకెప్పుడైనా నా పేరు పెట్టి పిలుస్తావా అంటే..."

టక్. టక్.

బల్ల వెనక సిమెంటు అరుగు మీద చప్పుడైంది. కర్ర ఆనించి నడిచే చప్పుడు. దగ్గరికి వచ్చి ఆగింది.

"జుట్టు పట్టుకుని తాడేపల్లి దాకా లాగావా నాయనా?"

రాయి మీద రేకు గీకినట్టున్న గొంతు.

బుల్లయ్య తిరగలేదు. తిరగలేకపోయాడు. రెండు చేతులా బల్ల అంచు పట్టుకున్నాడు. పదకొండు రోజులుగా చెవుల్లో ఉన్న గొంతు ఇప్పుడు చెవి పక్కనే ఉంది. పట్టపగలు, బస్టాండు ఎదురుగా, ఇంతమంది మధ్యలో అది తనకోసం వచ్చింది. చచ్చిపోయి వచ్చిందని అనుకున్నాడు. అంతకంటే ఇంకేమీ అనుకోవడానికి మనసుకి ధైర్యం చాలలేదు.

"బుల్లయ్యా," అంది ఆ గొంతు. "ఇటు తిరగవయ్యా. అరిచి పిలిచే ఓపిక లేదు నాకు."

అతను తిరిగాడు.

తాటిచెట్టంత ఏమీ లేదు. భుజం దాకా కూడా రాదు. తెల్లటి జుట్టు చిన్న ముడి వేసుకుని ఉంది. మెడ చుట్టూ తుండుగుడ్డ చుట్టుకుంది. చేతిలో మందుల కవరు, ఇంకో చేతిలో కర్ర. వెనక నలభై ఏళ్ళ మనిషి ఒక గుడ్డసంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ హనుమాయమ్మ, మజ్జిగ ఇచ్చినావిడ. సంచి పట్టుకున్నది కొడుకు లక్ష్మీకాంత్. ఫోను చేసి చేసి విసిగిపోయినవాడు.

"పదకొండు రోజుల నుంచి ఫోను చేస్తున్నాం. ఇందాక కూడా కట్ చేశావు," అన్నాడు లక్ష్మీకాంత్. "ఇక్కడ గొంతు డాక్టరుకి చూపిద్దామని వచ్చాం. బుల్లయ్య మేస్త్రీ ఎక్కడుంటాడంటే టీ కొట్టు దగ్గర దెయ్యం కథ చెబుతుంటాడని ఎవరిని అడిగినా చెప్పారు."

"బతికే ఉన్నారా అమ్మా?" అన్నాడు బుల్లయ్య. అది అడగాలని అడగలేదు. దానంతటదే వచ్చింది.

"ఉండబట్టే కదా బస్సెక్కాను."

హయాత్ గబగబా బల్ల తుడిచి చోటిచ్చాడు. హనుమాయమ్మ కర్ర బల్లకి చేరేసి కూర్చుంది. వేడినీళ్ళు చాలంది. రెండు గుక్కలు తాగి, గొంతు సర్దుకుని, ఆగి ఆగి మాట్లాడింది.

"ఇతను వంటింటి తలుపు గీకుతానన్నాడు కదా, చప్పుడు వినపడకుండా ఉంటుందని కొట్టుగదిలో నడుం వాల్చాను. కాయ రంగు పోకూడదని ఆ గదికి మా మామగారు కిటికీ పెట్టలేదు, చల్లగా ఉంటుంది. తలుపు వెనకాల తాలు మిరపకాయల గోతం ఉంది. అమ్మడానికి పనికిరానివి, ఇంట్లోకి ఉంచుకున్నాం. నీ మిషన్ గాలి తలుపు సందులోంచి గోతానికి తగిలింది. నిద్రలో దగ్గొస్తే లేచాను. గది నిండా పొగ. కళ్ళు కనపడలేదు. తడుముకుంటూ వచ్చి తలుపు లాగితే రాలేదు."

"అమ్మా..."

"పిలిచాను. పక్కింటి పెరట్లో కాయలకి తొడిమలు తీస్తున్న కూలిమనిషి నజ్మీన్ విని పరిగెత్తుకొచ్చింది. ప్లగ్గు పీకి, గొళ్ళెం తీసి, నన్ను ఈడ్చి బయట పడేసింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. గొంతు మాత్రం ఇట్టాగే ఉండిపోయింది. రెండు మూడు నెలలు పడుతుందంటున్నారు."

ప్రేమ్‌చంద్ బుల్లయ్య వైపు చూడకుండా నేల వైపు చూశాడు. ఘాటు అని ముందే చెప్పినవాడు, చెప్పానుగా అని ఇప్పుడు అనలేకపోయాడు. ఎరువుల దుకాణం దగ్గరి మనిషి బస్తా దించేసి వెళ్ళిపోయాడు.

"ఇందాక విన్నాను చాలాసేపు," అంది హనుమాయమ్మ. "బాగా చెబుతున్నావు. వాగు దాటించావు, కృష్ణలో ముంచావు, పాలిష్ కూడా వేశావు. ఒక్కటి మాత్రం తప్పు చెప్పావు. గొళ్ళెం నువ్వు తీశానన్నావు."

"లేదమ్మా."

"మరేం చేశావు? ఆ తర్వాత ఏమైందో వీళ్ళకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

బుల్లయ్య నిలబడే ఉన్నాడు. ఎగ్గట్టిన పంచె దించుకున్నాడు. హయాత్ వైపు చూశాడు, వెంకయ్య వైపు చూశాడు.

"పారిపోయాను," అన్నాడు. "గోడ దూకి పారిపోయానమ్మా."

"ఊఁ," అంది ఆవిడ. కోపంగా అనలేదు. నీళ్ళ గ్లాసు చేతిలో తిప్పుతూ అడిగింది. "తలుపు పక్కన నా కర్ర పెట్టి లోపలికి పోయాను. నన్ను బయటికి తెచ్చేసరికి అది మూల గోడకి ఉంది. దాన్ని జరిపిందెవరు?"

ఇదే అతను పదకొండు రోజులుగా భయపడిన ప్రశ్న. తలుపు దగ్గర చేతికర్ర ఉందంటే దాని మనిషి ఎక్కడికో పోలేదని, ఆ గదిలోనే ఉందని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. రంగు తునకలు మీద పడతాయని అతనే దాన్ని రెండు వేళ్ళతో తీసి మూలకి చేరేశాడు. ముసలావిడదే కదా అని ఒక్క క్షణం అనుకున్నాడు కూడా. అనుకుని గొళ్ళెం పెట్టాడు.

"నేనే," అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "రంగు పడుతుందని జరిపాను. మీదని తెలుసు. ఆలోచించలేదు. తర్వాత ఆలోచించి కూడా రాలేకపోయాను. మీరు పోయారేమోనని రోజూ పేపరు చూస్తున్నానమ్మా."

హయాత్ చేతిలో ఉన్న జల్లెడ కింద పెట్టేశాడు.

హనుమాయమ్మ కొడుకు వైపు తల ఊపింది. లక్ష్మీకాంత్ గుడ్డసంచి తీసి బల్ల మీద పెట్టాడు. అందులో హీట్ గన్ ఉంది, వైరు శుభ్రంగా చుట్టి ఉంది, పట్టీ కూడా తుడిచి పెట్టారు.

"సగం ఆకుపచ్చ, సగం చెక్క. అట్టా వదిలేసి పోయావు," అంది ఆవిడ. "పొద్దున లేచి దాన్ని చూస్తే మళ్ళీ గొంతు పట్టేస్తోంది. వేరే మేస్త్రీని పెడతామన్నాడు మావాడు. నేనే వద్దన్నాను. ఎవరు మొదలుపెట్టారో వాళ్ళే ముగించాలి. రేపు పొద్దున ఏడింటి బస్సుకి రా."

"నా చేతులు వణుకుతున్నాయమ్మా. మిషన్ పట్టుకోలేను."

"అయితే ఉప్పుకాగితంతో రుద్దు. వారమైనా పడనీ. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. గోతం తీయించేశాను. గొళ్ళెం కూడా ఊడదీయించాను."

బస్సు హారన్ మోగింది. లక్ష్మీకాంత్ తల్లి మోచెయ్యి పట్టుకుని లేపాడు. బుల్లయ్య వంగి, బల్లకి చేరేసి ఉన్న కర్ర తీసి రెండు చేతులతో ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ అది పట్టుకుని, టక్ టక్‌మంటూ రోడ్డు దాటింది. బస్సు కదిలేదాకా అతను అక్కడే నిలబడి చూశాడు.